తీగకో చుట్టం

మా బావకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఇది సామెత కాదు, ఆయన కంటి సంగతి. పండిన టమాటా పక్కన పచ్చి టమాటా పెడితే రెండింటినీ సమానంగా గౌరవిస్తాడు. సిగ్నల్ దగ్గర పైది వెలిగితే ఆగుతాడు, కిందది వెలిగితే కదులుతాడు. ఇలాంటి మనిషి ఏ ఆఫీసులోనో గుమాస్తా అయ్యుంటే ఎవరికీ గొడవ ఉండేది కాదు. కార్ల కరెంటు మేస్త్రి అయ్యాడు! రంగురంగుల తీగలు తప్ప మరో వస్తువు లేని పనిలోకి ఏరికోరి దిగాడు. "ఇదేం పని బావా, చెవిటివాడు సంగీతం మాస్టారైనట్టు?" అని మా అక్కతో పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. "కరెంటుకి రంగుండదు కదా," అన్నాడు. ఆ మాటకి ఎదురు మాట ఇప్పటికీ నాకు దొరకలేదు, అందుకే ఆయనంటే నాకు కొంచెం మంట.

రంగులు మోసం చేస్తాయి కాబట్టి ఆయన చుట్టాలని నమ్ముకున్నాడు. కారు విప్పగానే తెల్ల గుడ్డ టేపు ముక్కలు చింపి, ఒక్కో తీగకి ఒక్కో చీటీ కట్టి, దాని మీద ఒక చుట్టం వరస రాస్తాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ 'నాన్న', ఆయన లేకపోతే ఇల్లంతా చీకటే కనక. హారన్ తీగ 'మేనత్త'. వైపర్ తీగ 'అన్నయ్య', తల్లి మాటకి అటూ పెళ్ళాం మాటకి ఇటూ ఊగుతాడు కనక. తీగ చేసే పనికీ చుట్టం గుణానికీ పొంతన కుదిరిందా, ఇక జన్మలో మర్చిపోడట. జంట తీగలున్న చోట వెళ్ళేది భార్య, తిరిగొచ్చేది భర్త. భర్త తీగ ఏమీ చెప్పదు, ఊరికే తిరిగి ఇంటికొస్తుంది. పని పూర్తయ్యాక చీటీలన్నీ పీకి ఉండచుట్టి పారేస్తాడు. ఊళ్ళో ఎంతమంది కార్లలో మా బావ మేనత్త అరుస్తోందో ఆ కార్ల వాళ్ళకి తెలియదు.

ఈ కంటి సంగతి ఇంట్లోవాళ్ళం కాక ఇంకొక్కడికే తెలుసు. ఆయనతో పాటు అదే షెడ్డులో పనిచేసే గుండు మెకానిక్‌కి. గుండు మంచివాడు, పనిమంతుడు, స్నేహితుడి గుట్టు ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నవాడు. అయితే ఆ ఒక్క గుట్టు దాచడంతోనే అతని కడుపు నిండిపోయింది. ఇంకే సంగతి అడిగినా, అడిగినంతా, అడగనిది కూడా కలిపి చెప్పేస్తాడు.

ఇక మా అక్క. మా అక్క ఆడవాళ్ళకి డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. స్కూలంటే ఒక బోర్డూ, ఒక కారూ, అక్కా. ఆ కారు పెట్టెలాంటి పాతకాలపు కారు. పక్క సీటు కింద కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి, అక్క కాళ్ళ పొడుగుకి సరిపడేలా గుండు బిగించినవి. కొత్త కారు తీసుకోమని ఎవరెన్ని చెప్పినా అక్క ఒప్పుకోదు. కొత్తవాటిలో కూర్చుంటే బానెట్ చివర కనబడదట. నేర్చుకునేవాళ్ళకి ముందు తమ ముక్కు ఎక్కడుందో తెలియాలంటుంది. అలా ఏళ్ళ తరబడి ఎంతోమంది అమ్మాయిలూ, అమ్మలూ, ఒకరిద్దరు అమ్మమ్మలూ ఆ కారు క్లచ్చు తొక్కి, గేర్లు గీకి, ఇంజన్‌ని ఏడిపించి లైసెన్సులు సంపాదించారు. ఒకరోజు నాలుగు రోడ్ల కూడలిలో ఇంజన్ ఇక నావల్ల కాదంది. స్టీరింగ్ దగ్గరున్నావిడ ఏడుస్తూ కారుకి క్షమాపణ చెప్పుకుంది. వెనక బస్సువాడు మాత్రం చెప్పలేదు, ఇంకేవో చెప్పాడు.

అక్కడితో అక్కకి నిజంగా గండం వచ్చింది. వచ్చే బుధవారం ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళకి డ్రైవింగ్ పరీక్ష. వాళ్ళకి ఈ కారు తప్ప మరోటి చేతిలో ఆడదు. ఈ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పటికో. రెండు వీధుల అవతల 'ఏసీ కారులో డ్రైవింగ్ నేర్పబడును' అని బోర్డు పెట్టినాయన అప్పుడే వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు.

"ఈ బుధవారం దాటిందంటే నా దగ్గర ఒక్కళ్ళు కూడా మిగలరు," అంది అక్క బావతో. "బోర్డు దించేసి ఇంట్లో కూర్చుంటా. ఇంట్లో కూర్చుంటే రోజంతా మిమ్మల్నే చూస్తూ కూర్చోవాలి. ఆలోచించుకోండి."

బావ ఆలోచించుకున్నాడు. మర్నాడే గుండూ ఆయనా కలిసి పాత సామాన్ల దుకాణం నుంచి ఒక ఇంజన్ పట్టుకొచ్చారు. వెనక నుంచి లారీ గుద్దిన కొత్తరకం కారుది. ముందు భాగం చెక్కుచెదరలేదు, ఇంజన్ నిగనిగలాడుతోంది. మార్చుకోవడానికి కావాల్సిన అనుమతి కాగితాలు అక్క అంతకుముందే తిరిగి తెచ్చుకుంది. అంతా బాగానే ఉంది గానీ, పాత ఇంజన్‌కి నాలుగు తీగలుంటే దీనికి ఒక పెద్ద జడంత కట్ట ఉంది. పైగా కంప్యూటర్ డబ్బా ఒకటి. ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలో అంతా ఆ డబ్బాయే చెబుతుంది. చెప్పడానికి దానికి ఇంజన్ మూలమూలలా పెట్టిన సెన్సర్ల నుంచి కబుర్లు రావాలి. దుకాణంవాడేమో ఆ కట్టని మధ్యలో కత్తెరతో కచక్కున కోసి ఇచ్చాడు.

కోసిన ప్రతి తీగకీ కొత్త తీగ అతికి, ఇంజన్ వెనకున్న రేకు గోడకి కన్నం పెట్టి, డాష్‌బోర్డు కిందకి లాక్కురావాలి. బావ నల్ల తీగ చుట్ట ఒకటే పెద్దది కొన్నాడు. నలుపొక్కటే తనని మోసం చెయ్యని రంగంటాడు. ఇంజన్ ఇంకా గొలుసుకి వేలాడుతూ తీగలు తగిలించే ప్లగ్గులన్నీ ఎదురుగా కనబడుతున్నప్పుడే ఒక్కోటీ చూసి, అతికి, చీటీ కట్టడం మొదలుపెట్టాడు. సగం కట్టకముందే చుట్టాలు అయిపోయారు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు, నీళ్ళు కూడా అడగలేదు.

"అమ్మాయ్, మీ అమ్మ వైపు ఇంకెవరైనా మిగిలున్నారా?"

"ఎందుకు బావా, సంబంధం ఏమైనా చూస్తున్నారా?"

"కాదు, వైర్లకి. మా వైపు అందరూ అయిపోయారు. మా తాతగారి తమ్ముణ్ణి కూడా వాడేశాను."

నాకు తెలిసినవాళ్ళందర్నీ చెప్పాను. చాల్లేదు. అప్పుడు ఫోను పట్టుకుని మా పెద్దమ్మకీ, బాబాయికీ, ఆఖరికి మా అమ్మకీ చేశాడు. "మీ మూడో కోడలు ఎలాంటి మనిషండీ? తొందరగా వేడెక్కుతుందా, నెమ్మదిగానా?" అని అడిగితే ఎవరైనా ఏమనుకుంటారు? సంగతేమిటని నిలదీస్తే, "కారుకి మన చుట్టాలందర్నీ రాస్తున్నాను," అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ మాట పెద్దమ్మ ఇంటి నుంచి బాబాయి ఇంటికి వెళ్ళేసరికి, అల్లుడు చుట్టాలందరి మీదా అభిమానంతో వాళ్ళ పేర్లు కారు మీద రాయిస్తున్నాడని అయింది. మా అమ్మ దగ్గరికి చేరేసరికి అందరికంటే పైన అత్తగారి పేరు ఉందని కూడా అయింది.

ఈలోగా బావ పని సాగించాడు. ఇంజన్ కారులోకి దిగింది. చిన్న గూట్లో పెద్ద ఇంజన్ కనక ప్లగ్గులన్నీ రేకు గోడకీ ఇంజన్‌కీ మధ్య ఇరుక్కుపోయాయి, వేలు కూడా దూరదు. తీగల తోకలు మాత్రం కన్నంలోంచి లోపలికొచ్చాయి. బావ ఒక చెక్కకి వరసలుగా మేకులు కొట్టి, చోటున్న చోటల్లా ఒక్కో తోక తగిలించాడు. చూడ్డానికి పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటోలా ఉంది, అందరూ వరసలు కట్టి నిలబడ్డట్టు. చీటీ లేని తీగలు కూడా బోలెడున్నాయి. ఏసీకీ, ఇంకా పాత కారులో లేని సౌకర్యాలకీ వెళ్ళాల్సినవవి. పనీ పాటా లేకుండా వాళ్ళ మధ్యే వేలాడుతున్నాయి.

ఆదివారం నాడు చుట్టాలు వచ్చారు. అమ్మ, పెద్దమ్మ, పెద్దమ్మ నలుగురు కోడళ్ళు, బాబాయి. మంచి బట్టలు కట్టుకుని, తలలు నున్నగా దువ్వుకుని వచ్చారు. ఫొటో తీసుకుందామని బాబాయి కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాడు. నేనూ మా ఆయనా కూడా వెళ్ళాం. అక్క రాలేదు, నేర్చుకునేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఏసీ కారు మాటలు నమ్మొద్దని చెప్పుకునే పనిలో ఉంది. బావ తీగల మీద వేసే రబ్బరు గొట్టాలు కొనడానికి బజారుకెళ్ళాడు. షెడ్డులో గుండు ఒక్కడే ఉన్నాడు.

"నా పేరెక్కడయ్యా?" అంది అమ్మ కారు చుట్టూ తిరిగి చూసి.

గుండు చేతులు తుడుచుకుని కారు తలుపు తీసి, చెక్క చూపించాడు. "ఇదిగోనమ్మా, పై వరసలో. 'అత్తగారు'."

"పై వరసే?" అమ్మ మొహం వెలిగిపోయింది. "ఇదేం చేస్తుంది?"

"ఇది చెవి లాంటిదమ్మా. ఇంజన్‌లో ఎక్కడ ఏ చిన్న టకటక వినిపించినా వెంటనే కంప్యూటర్‌కి చెప్పేస్తుంది. ఇక అందర్నీ వెనక్కి లాగేస్తుంది. ఎవ్వర్నీ ముందుకి పోనివ్వదు."

అమ్మ మొహంలో వెలుగు ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను. మనిషన్నవాడు అక్కడ ఆగుతాడు. గుండు ఆగలేదు. ఆ పక్కనే ఉన్న 'పెద్దత్త', అంటే మా పెద్దమ్మ, పెట్రోలు పంపుదట. తాళం తిప్పగానే ఎవరూ అడక్కపోయినా కాసేపు గొణిగి, ఎవరూ పట్టించుకోకపోతే ఊరుకుంటుందట. 'చిన్నమామ' అంటే బాబాయి. ఇంజన్‌లోకొచ్చే గాలిని కొలిచేది. "గాలికి సంబంధించిందంతా ఈయనే," అన్నాడు గుండు గౌరవంగా. బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నలుగురు కోడళ్ళూ నాలుగు పెట్రోలు చిమ్మే గొట్టాలు.

"వంతులవారీగా చిమ్ముతారమ్మా. మంట కనబడగానే ఒకరి తర్వాత ఒకరు పెట్రోలు పోస్తారు," అని వివరించాడు గుండు. 'మేమా?' అని ఆ నలుగురూ ఒకే మాట మీద నిలబడటం మా పెద్దమ్మ అదే మొదటిసారి చూడటం.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే, "మరి నేను?" అన్నాను.

"మీరు కింద వరసలో, 'మరదలు'. సైలెన్సర్ గొట్టంలో ఉంటారు. పొగలో ముక్కు పెట్టి, లోపల ఏం తగలబడుతోందో వాసన చూసి బయటికి చెప్పడం మీ పని."

నవ్వు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. అందరికంటే ముందు చీటీ చింపింది నేనే. చింపానని నేనేం సిగ్గుపడను, అంత మాట రాశాక ఎవరైనా చింపుతారు. నా వెనకే అమ్మ, పెద్దమ్మ, బాబాయి, కోడళ్ళు. తమవి చింపి, రాని చుట్టాల మర్యాద కూడా కాపాడాలని వాళ్ళవీ చింపారు. మా ఆయన ఒక్కడే తాపీగా తన చీటీ చదువుకున్నాడు. 'తోడల్లుడు'. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే తీగ అది. "నిజమే కదా," అని చీటీని సరిచేసి మళ్ళీ మేకుకే వేలాడదీశాడు.

బావ తిరిగొచ్చేసరికి నేలంతా చీటీల ముక్కలు, చెక్క మీద ఒకదాన్ని పోలిన ఒకటి నల్ల తీగలు, మధ్యలో నిక్షేపంలా మా ఆయన. బావ అరవలేదు. పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడెవరు ఎక్కడున్నారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"నువ్వేగా తగిలించావు, గుర్తులేదా?" అన్నాడు గుండు.

"నాకు చోటు గుర్తుండదు. మనిషే గుర్తుంటారు."

ఒక తీగ బదులు ఇంకోటి కలిపితే కంప్యూటర్ డబ్బా కాలి బూడిదవుతుంది. మళ్ళీ వెతకాలంటే ఇంజన్ బయటికి దించాలి. దించే గొలుసు యంత్రం గుండు ఇంకో షెడ్డుకి ఇచ్చేశాడు, వారం దాకా రాదు. బుధవారం మాత్రం బుధవారమే వస్తుంది. సంగతి తెలిసి అక్క నేరుగా వెళ్ళి గోడ మీది బోర్డు దించడానికి నిచ్చెన ఎక్కడుందో చూసుకుంది. తిట్టి ఉంటే మా ప్రాణాలకి సుఖంగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. కోపం ఒక్క పిసరు తగ్గలేదు. "నన్నంత మాట రాస్తాడా? అది కూడా పై వరసలో, కిటికీ వైపు నుంచి నాలుగో మేకుకి, మీ పెద్దమ్మ పక్కన, దానికంటే ఒక చెయ్యి కిందకి వేలాడేలా!" నేను ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఒక్క క్షణం దానివంక చూశాను. వెంటనే పెద్దమ్మకి చేశాను. ఆమె మేకు, దాని పక్క మేకు, ఆ పక్కది కూడా చెప్పింది. మర్యాద జరిగిన చోటు జనం మర్చిపోతారు గానీ అవమానం జరిగిన చోటు చచ్చినా మర్చిపోరు.

అయితే ఫోనులో చెబితే లాభం లేదు, వచ్చి చూపించాలి. రమ్మంటే ఎవరొస్తారు? "ఆయన్ని క్షమించమ్మా," అంటే అమ్మ ఫోను పెట్టేసింది. "నేను అబద్ధం ఏమీ రాయలేదు కదా," అని బావ స్వయంగా ఒకసారి క్షమాపణ చెప్పబోయి ఇంకా చెడగొట్టాడు. చివరికి నాకే దారి తట్టింది. అందరికీ ఒకే మాట చెప్పాను. "క్షమించక్కర్లేదు. వచ్చి తిట్టండి. ఎక్కడ అవమానం జరిగిందో అక్కడే నిలబెట్టి తిట్టండి. ఎదురు మాట్లాడకుండా చూసే పూచీ నాది."

మధ్యాహ్నానికల్లా అందరూ వచ్చేశారు. ఆదివారం కంటే తొందరగా వచ్చారు.

అమ్మ మొదలుపెట్టింది. "ఏమండీ అల్లుడుగారూ, ఇదిగో, ఈ మేకుకే కదా నన్ను వేలాడదీశారు? నేను అందర్నీ వెనక్కి లాగుతానా? మీ పెళ్ళిలో నేను లాగి ఉంటే మీ గతేమయ్యేది?" బావ తలొంచుకుని, "అవునత్తయ్యగారూ," అంటూ అమ్మ వేలు పెట్టిన తీగకి గబగబా కొత్త చీటీ రాసి కట్టాడు. పెద్దమ్మ తన తీగ చూపిస్తూ గొణిగింది. బాబాయి తన తీగ పట్టుకుని, తాను గాలి మనిషిని కాననడానికి సాక్ష్యంగా చాలాసేపు మాట్లాడాడు. రాని చుట్టాల తరఫున వచ్చినవాళ్ళు వాదించారు. మూడో కోడలికీ నాలుగో కోడలికీ ఒకే మేకు దగ్గర పేచీ వచ్చింది. ఆ రెండూ తారుమారైతే ఇంజన్ కుంటుతుందని గుండు కంగారుపడ్డాడు.

"నాది ఇది. నీది ఆ చివరిది," అంది మూడో కోడలు. "నీ పక్కన నన్ను కట్టినందుకే నాకు సగం మండింది, నేను మర్చిపోతానా?"

నాలుగో కోడలు ఆలోచించి, ఆ మంట తనకీ గుర్తుందని ఒప్పుకుంది. నా తీగ నేనే చూపించాను. తిట్టడం కూడా తిట్టాను, వచ్చినందుకు గిట్టుబాటవ్వాలి కదా. అమ్మ మాత్రం వెళ్ళేముందు మళ్ళీ వెనక్కొచ్చింది. "ఊరికే అత్తగారు అని రాస్తే ఏం బాగుంటుంది? పక్కన ఏదైనా మంచి మాట రాయండి." బావ కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, 'చెవులు బాగా పనిచేస్తాయి' అని రాశాడు. అమ్మ చదివి, ఇంతకంటే ఈయన వల్ల కాదని వదిలేసింది.

సాయంత్రానికి తీగలన్నీ కలిశాయి. ఎవరూ ఇళ్ళకి కదల్లేదు. తిట్టినంత తిట్టాక ఫలితం చూడాలని అందరికీ ఉంది. అక్క కూడా వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది. గుండు తాళం తిప్పాడు. సెల్ఫ్ మోటారు గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇంజన్ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే.

గుండు తన ఫోనులో ఉన్న ఇంజన్ తీగల పటం చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఒకటి తక్కువైంది గురూ. క్రాంక్ సెన్సర్ లేదు."

బావ మొహం పాలిపోయింది. "అది... మా ఆవిడది."

అందరం గుమ్మం వైపు తిరిగాం. చీటీ లేని తీగలు ఇంకా బోలెడు వేలాడుతున్నాయి, అందులో ఏది మా అక్కో దేవుడికెరుక. ఆదివారం ఇంతమందిమి చించినా 'మా ఆవిడ' అన్న చీటీ మాత్రం ఎవరి చేతికీ రాలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"నావంక చూస్తారేం?" అంది అక్క. "ఆదివారం నేనసలు రానేలేదు."

"దాన్నేమని రాశారు?" అంది అమ్మ. కూతురికి తనకంటే తక్కువ అవమానం జరిగితే సహించేలా లేదు.

"ఏమీ అనలేదమ్మా!" అన్నాడు గుండు. "ఇంజన్ లోపల చక్రం ఎంతవరకు తిరిగిందో చెప్పేది అదొక్కటే. అది చెబితేనే కంప్యూటర్ మిగతావాళ్ళ మాట వింటుంది. అది లేకపోతే ఇదిగో, ఇలాగే, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది గానీ బండికి ప్రాణం రాదు. మేడమ్‌కి కూడా శనివారం ఇదే చెప్పానుగా! క్యారేజీ తెచ్చినప్పుడు మీరడిగారు కదా మేడమ్, ఈ 'మా ఆవిడ' ఏం చేస్తుందని?"

అక్క చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూడాల్సిన మనిషికి అది కనబడదు, అదే నా బాధ.

"అయితే నువ్వే తీశావా?" అన్నాడు బావ నెమ్మదిగా.

అక్క ఫోను తీసింది, దాని వెనక కవరు ఊడదీసింది. మధ్యలో తెల్ల గుడ్డ టేపు ముక్క ఉంది, నలగకుండా, సాపుగా. మేమందరం కోపంతో చింపిన చోట మా అక్క సంతోషంతో ముడి విప్పి పట్టుకెళ్ళింది. తన స్కూలు మునిగిపోతున్నా, ఇంతమందిలో బయటపెట్టడానికి సిగ్గుపడి ఊరుకుంది. నాకు ఆమెని కొట్టాలనిపించింది, గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది.

"ఇన్ని చీటీల్లో ఒక్కటి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను," అంది బావతో, తల ఎత్తకుండా. "నా వైరు మీకు చీటీ లేకుండా కూడా తెలుస్తుందనుకున్నాను."

"చీటీ లేకపోతే తెలియదు," అన్నాడు బావ. ఆ సమయంలో కూడా అబద్ధం ఆడలేకపోయాడు, నేనైతే ఆడేదాన్ని. "అన్నీ నల్లగానే ఉన్నాయి కదా."

అక్క ముందుకొచ్చి ఒక్క క్షణం కూడా తడుముకోకుండా మధ్య వరసలో ఒక తీగ మీద వేలు పెట్టింది. బావ చీటీ కోసం చెయ్యి చాపాడు. అక్క ఫోను కవరు మూసేసింది.

"వైరుకి ఇంకోటి రాసుకోండి. ఇది నాది."

బావ ఇంకోటి రాశాడు. తీగ కలిపాక అక్కే డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పగానే పెద్దమ్మ కాసేపు గొణిగింది, సెల్ఫ్ తిరిగింది, అంతలోనే ఇంజన్ ఒక్కసారి ఉలిక్కిపడి అంటుకుంది. ఆ పాత కారు అలాంటి చప్పుడు చేసి ఎన్నేళ్ళయిందో! బాబాయి, అందులో గాలి అంతా తనదేనని చెప్పడం మొదలుపెట్టాడు. కోడళ్ళు నలుగురూ నా చప్పుడు అది, నీది ఇది అని పోట్లాడుకున్నారు. మా ఆయన, బండి ఊరికే నిలబడి ఉంది కనక ప్రస్తుతం పనంతా తనే చేస్తున్నానన్నాడు. అమ్మ మాత్రం తల పక్కకి వంచి విని, "ఏదో టకటకమంటోంది," అంది. గుండు వంగి చూస్తే నిజంగానే ఒక బోల్టు వదులుగా ఉంది.

బుధవారం పరీక్షలో ఒక్కావిడ తప్ప అందరూ పాసయ్యారు. ఆ ఒక్కావిడా కొత్త ఇంజన్ జోరు తెలియక గుర్తు కోసం పాతిన కర్రని పడగొట్టింది, కానీ కర్ర విరిగినా కారు ఆగలేదని సంబరంగా వచ్చి చెప్పింది. బోర్డు గోడ మీదే ఉంది. ఏసీ కారాయన ఆ వారం అంతా అక్క స్కూలు ముందు నుంచి కాక పక్క వీధి నుంచి తిరిగి వెళ్ళాడు.

పని అయ్యాక చీటీలు తీసెయ్యడం బావ అలవాటు. గురువారం పొద్దున్న అక్క ఇంటి ముందు, కారు డాష్‌బోర్డు కింద తలపెట్టి ఒక్కో చుట్టాన్నీ పీకి జేబులో వేసుకుంటున్నాడు. నేను నా చీటీ నా కళ్ళముందే పారెయ్యాలని పట్టుబట్టి వెనక సీట్లో కూర్చున్నాను. అక్క డ్రైవరు సీట్లో ఉంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోటితో చెప్పారా?" అంది ఉన్నట్టుండి. "గుండు చెబితే తెలిసింది నాకు. పరాయివాడు!"

డాష్‌బోర్డు కింద నుంచి బావ తల బయటికొచ్చింది, జుట్టు నిండా టేపు ముక్కలతో.

"నోటితో చెబితే ఎక్కడ దాచుకునేదానివి?" అన్నాడు.

అక్క ఫోను తీసి కవరు సరిగ్గా మూసి ఉందో లేదో ఒకసారి నొక్కి చూసుకుంది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, బోర్డు కింద నిలబడ్డ కొత్తవాళ్ళలో మొదటావిడని వచ్చి కూర్చోమని పిలిచింది.